అక్క గొంతు ఫోల్డర్

ఫిబ్రవరి 3

కొన్నాళ్ళుగా కంప్యూటర్ ఒకటే నస, అప్‌డేట్ చేసుకోనా అని. రోజూ "తర్వాత" నొక్కుతున్నాను. ఇవాళ ప్రెస్సుకి ఆలస్యమవుతుంటే చిరాకొచ్చి "సరే" నొక్కేసి, గదికి తాళం వేసి మెట్లు దిగిపోయాను.

సాయంత్రం వచ్చి చూస్తే నా కంప్యూటర్ నాదిలా లేదు. మనం లేనప్పుడు ఎవరో ఇంట్లోకొచ్చి సామానంతా తమకి తోచినట్టు సర్దిపోయినట్టుంది. వెనకాల బొమ్మ మారిపోయింది. ఫోల్డర్లన్నీ తెల్లకాగితాల్లా ఉన్నాయి. కొన్నిటికి పేర్లు సగమే కనిపిస్తున్నాయి. ప్రెస్సు పనులు దాచుకునే ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. మూసి, మళ్ళీ తెరిచి, బొమ్మల వరస తీసేసి పేర్ల వరస పెట్టేసరికి పాంఫ్లెట్లు, విజిటింగ్ కార్డులు, బిల్లు పుస్తకాలు అన్నీ బిలబిలా వచ్చేశాయి. అంటే ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. చూపించడమే చేతకావట్లేదు దీనికి.

"అక్క గొంతు" ఫోల్డర్ కూడా ఖాళీగా ఉంది. వరస మార్చాను. రాలేదు. మూసి తెరిచాను. రాలేదు.

ఇదీ అలాంటిదే. చూపించడంలో తేడా. రేపు చూస్తాను.

ఫిబ్రవరి 4

రాలేదు. ప్రెస్సులో కూడా అదే ఆలోచన. ఒక కరపత్రంలో ఫోన్ నంబరు తప్పు కొట్టాను. ఓనరు చూశాడు కాబట్టి సరిపోయింది.

అక్కకి చెప్పలేదు. చెప్పడానికేముంది, పోతే కదా చెప్పడానికి.

ఫిబ్రవరి 6

అందులో ఏమేమున్నాయో గుర్తుచేసుకుంటూ కూర్చున్నాను ఇవాళ. అలా గుర్తుచేసుకుంటుంటే అవి ఎక్కడికీ పోలేదనిపిస్తుంది.

పోయిన వానాకాలం, అక్కకి నాలుక మొదట్లో మొద్దుబారుతోందని వెళ్తే, నరాల డాక్టరు జబ్బు పేరు చెప్పి, ఇది మాటతో మొదలుపెట్టి ఒక్కోటీ తీసేస్తుందన్నాడు. పక్క గదిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఉంటుంది. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, "గొంతు బాగున్నప్పుడే దాచుకోండి. వాక్యాలు చదివి రికార్డు చేసుకుంటే, తర్వాత మీరు టైపు చేసింది మిషను మీ గొంతుతోనే చదువుతుంది," అంది. అక్క, "అయితే నేను పోయినా తిట్లు పోవన్నమాట," అంది. బావ మాత్రం నవ్వలేదు.

ప్రెస్సు వెనక కాగితాల గోడౌన్లో చిన్న రికార్డర్‌తో రికార్డు చేశాం. ఏ రోజువి ఆ రోజు కంప్యూటర్లోకి ఎక్కించి రికార్డర్లోవి చెరిపేసేదాన్ని. చుట్టూ కాగితం బండిళ్ళుంటే గొంతు మార్మోగదు. అక్క ఒక బండిల్ మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని చదివేది. డాక్టరమ్మ ఇచ్చిన వాక్యాలు ఆమెకి నచ్చేవి కాదు. "'ఈ రోజు వాతావరణం ఆహ్లాదకరంగా ఉన్నది.' ఎవరే ఇలా మాట్లాడేది? నేనైతే ఉక్క చంపేస్తోందంటాను. అది రాసుకో."

అవీ రికార్డు చేశాం. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతూ ఆమె పిల్లల్ని తిట్టే తిట్లన్నీ చేశాం. "క్లచ్చి వదలమంటే ప్రాణం వదిలేస్తున్నావేంట్రా." "ఆ అద్దం ఉన్నది తల దువ్వుకోడానికి కాదమ్మా." ఈ ఊళ్ళో కారు నడిపేవాళ్ళలో సగం మంది ఆ తిట్లు తిన్నవాళ్ళే. లాండ్రీ షాపు నడిపే బావ కోసం ప్రత్యేకంగా ఒకటి: "ఏవండీ, చెవుల మీద ఇస్త్రీపెట్టె పెట్టుకున్నారా, పిలుస్తుంటే?" ఒక్కోటీ చదివాక తనే నవ్వేది, ఆ నవ్వు కూడా ఎక్కేది. వాక్యాల చివర దగ్గులు, నవ్వులు కత్తిరించి శుభ్రం చేసి డాక్టరమ్మకి పంపాలని నేనే దగ్గర పెట్టుకున్నాను. ప్రెస్సు పని ఎక్కువై అలాగే ఉండిపోయాయి. పెన్‌డ్రైవులో ఒక కాపీ ఉండేది. దాన్ని పాంఫ్లెట్ల పనికి వాడేసుకున్నాను, కంప్యూటర్లో ఉన్నాయి కదా అని.

ఉన్నాయి కూడా. డిస్కు దాదాపు నిండుగా చూపిస్తోంది. ఏమీ లేకపోతే ఎందుకు నిండుతుంది?

ఫిబ్రవరి 9

ఆదివారం. ప్రొద్దుటి నుంచి దానిమీదే కూర్చున్నాను. దాచిన ఫైళ్ళు కూడా చూపించమన్నాను. ఎప్పుడూ చూడని ఫోల్డర్లు మసక మసకగా బోలెడు వచ్చాయి, వాటి పేర్లు చూస్తేనే భయమేసింది, ముట్టుకోలేదు. ఫోల్డర్ సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాను. బొమ్మల కోసం అది దాచుకునే పాత గుర్తుల్ని తుడిచేస్తే సరిపోతుందని ఎక్కడో చదివి, అదీ చేశాను. ఆపి మళ్ళీ వేసేసరికి తెల్లకాగితాలన్నీ పసుపు ఫోల్డర్లయ్యాయి. పేర్లు పూర్తిగా కనిపిస్తున్నాయి. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సగం పని అయిపోయినట్టే.

"అక్క గొంతు" కూడా పసుపు రంగులోకొచ్చింది. లోపల మాత్రం ఖాళీ.

కింద నుంచి అక్క పిలిచింది, భోజనానికి. "బుల్లీ" అన్నది "బుయ్యీ" అని వినిపించింది. వెంటనే వెళ్ళలేదు. నిమిషం అన్నాను.

ఫిబ్రవరి 11

అక్క పైకొచ్చింది. మెట్లెక్కడానికి ఇబ్బందేం లేదు ఇంకా. వచ్చి నా మంచం మీద కూర్చుని, మాట మాటకీ ఆగుతూ, "ఒకసారి వినిపించవే నా గొంతు," అంది.

"కంప్యూటర్ బాగోలేదక్కా, అప్‌డేట్ అయ్యాక మొరాయిస్తోంది. బాగవగానే వినిపిస్తా."

"సరే. అయితే ఇంకొన్ని చదవనా? 'ర' పోతోంది. 'ల' కూడా పోతోంది, మిగతావి ఇంకా ఉన్నాయి. ఇప్పుడైతే నెమ్మదిగా చదవగలను. గోడౌన్‌కి పోదామా రేపు?"

"ఎందుకక్కా శ్రమ? మన దగ్గర బోలెడున్నాయి," అన్నాను.

"బోలెడున్నాయి కదా?"

"బోలెడు."

నా తల నిమిరి వెళ్ళిపోయింది. కంప్యూటర్ అలా ఉండగా కొత్తవి రికార్డు చేస్తే అవీ ఎక్కడో కలిసిపోతాయి. ముందు ఇది బాగుచేసుకోవాలి. అందుకే వద్దన్నాను.

ఫిబ్రవరి 12

చూపించడంలో తేడా మాత్రమే.

ఫిబ్రవరి 15

ఇవాళ మంచి రోజు. డిస్కు గీత ఎర్రబడింది, చోటు లేదు అని హెచ్చరిక వచ్చింది. బహుశా ఇన్నాళ్ళూ సమస్య ఇదేనేమో. చోటు లేక చూపించలేకపోతోంది పాపం. శుభ్రం చేసే చోటికి వెళ్తే ఏమేం తీసెయ్యొచ్చో అదే చెప్పింది. తాత్కాలిక ఫైళ్ళు, చెత్తబుట్ట, అన్నిటికంటే పెద్దది "పాత సిస్టమ్ తాలూకు ఫైళ్ళు". కొత్తది పెట్టుకున్నాక పాతది అడ్డం కాక ఇంకేం చేస్తుంది? అన్నిటికీ టిక్కు పెట్టి తీసెయ్యమన్నాను. తీసేస్తే తిరిగి రావు, సరేనా అంది. సరే అన్నాను. ఎర్ర గీత నీలంగా మారింది. కంప్యూటర్ ఊపిరి పీల్చుకున్నట్టయింది. చాలా చురుగ్గా ఉంది ఇప్పుడు.

ఫోల్డర్ ఇంకా రాలేదు. వస్తుంది.

ఫిబ్రవరి 18

డాక్టరమ్మ ప్రెస్సుకే ఫోన్ చేసింది. "ఆ రికార్డింగులు పంపిస్తే గొంతు తయారుచేయిస్తాను. దానికి కొంత టైం పడుతుంది. ఆవిడ పరిస్థితి చూస్తే ఆలస్యం చేయకూడదు."

"దగ్గులు కత్తిరిస్తున్నానండీ. నాలుగు రోజుల్లో పంపేస్తాను."

"దగ్గులున్నా ఫరవాలేదమ్మా."

"అయిపోవచ్చిందండీ."

ఇంత తేలిగ్గా వచ్చిందేమిటి నోట్లోంచి.

ఫిబ్రవరి 20

పాత శిష్యుడెవరో లైసెన్సు వచ్చిందని అక్కకి ఫోన్ చేశాడు. అక్క పొంగిపోయి మాట్లాడబోయింది. అవతల అతను కాసేపు విని, "మేడమ్, మీరు తాగున్నారా?" అన్నాడు. స్పీకర్లో ఉంది, బావా నేనూ ఇద్దరం విన్నాం. అక్క ఫోన్ పెట్టేసింది. తర్వాత కాసేపు బట్టలు మడత పెట్టింది. అప్పటికే మడత పెట్టి ఉన్న బట్టలు.

బావ నాతో బయటికొచ్చి, "ఆ మిషను ఎప్పుడొస్తుంది? అదొస్తే ఈ బాధ ఉండదు కదా మీ అక్కకి," అన్నాడు.

"వచ్చేస్తుంది బావా."

"నీ పుణ్యమే అది," అన్నాడు.

ఫిబ్రవరి 24

ఇక నా వల్ల కాక టైపు మాష్టారిని పిలిచాను. ఒకప్పుడు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు కాబట్టి ఆ పేరు, ఇప్పుడు మా ప్రెస్సు కంప్యూటర్లన్నీ ఆయనే చూస్తాడు. ఫోల్డర్ తెరిచి చూశాడు. అటూ ఇటూ నాలుగు నొక్కులు నొక్కాడు.

"ఇది చూపించడంలో తేడా కాదమ్మా. నిజంగానే ఏమీ లేదు ఇందులో. ఒక్కోసారి కొత్త సిస్టమ్ ఏం చేస్తుందంటే, ఫోల్డర్ పేర్లు మాత్రం తెచ్చుకుని, లోపలి సామాను పాతదాంట్లోనే వదిలేస్తుంది. ఏం కంగారుపడకు. పాత సిస్టమ్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, దాంట్లో భద్రంగా ఉంటాయి. అక్కణ్ణుంచి ఇక్కడికి లాగేస్తే అయిపోయె."

ఆయన దానికోసం వెతుకుతున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

"ఏదమ్మా? ఉండాలే. కొన్నాళ్ళు ఉంచుతుంది."

"నేను శుభ్రం చేశానండీ," అన్నాను.

ఆయన మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

ఫిబ్రవరి 25

అప్పటిదాకా ఉన్నాయి. నేను అటు తిరిగి చూడలేదంతే.

ఫిబ్రవరి 27

డిస్కు విప్పి పోయిన ఫైళ్ళు తీసే షాపుకి ఇచ్చాను. షాపతను మంచివాడిలా ఉన్నాడు. "తీసేశాక కంప్యూటర్ వాడారా?" అని అడిగాడు. రోజూ వాడాను. వెతకడానికే వాడాను. "వాడినకొద్దీ వాటి మీద కొత్తవి రాసేసుకుంటుందండీ," అన్నాడు. ఏదో ఒకటి తీస్తానన్నాడు. తీస్తాడు. చాలామందికి తీసిచ్చాడట.

అక్కతో, కంప్యూటర్ రిపేరుకిచ్చానని చెప్పాను. అబద్ధం కాదది.

మార్చి 5

షాపతను ఫోన్ చేసి అన్నీ వచ్చాయన్నాడు. ప్రెస్సులోంచి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పరిగెత్తాను. పేర్లన్నీ వచ్చాయి. నేను పెట్టిన పేర్లే. "ఉక్క". "క్లచ్చి". "అద్దం". "బావకి". అతని కుర్చీలో కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకటి నొక్కాను. జోరీగలాంటి మోత. ఇంకోటి నొక్కాను. అదే మోత. ఒక్కోటీ నొక్కుకుంటూ పోయాను. అతను, "మేడమ్, అన్నీ అంతేనండీ. పేరు దొరికింది కానీ లోపల సరుకు లేదు," అన్నాడు. అయినా అన్నీ విన్నాను. అతను షట్టరు సగం దించి నాకోసం బయట నిలబడ్డాడు.

మార్చి 6

అక్క ఇవాళ ఏదో అడిగితే అర్థం కాలేదు. రెండోసారీ కాలేదు. ఫోన్లో టైపు చేసి చూపించింది: "ఉప్పు ఎక్కువైందా?"

మార్చి 8

సెలవు పెట్టాను. బావ షాపుకి వెళ్ళాక కిందకి దిగాను, చేతిలో రికార్డర్ పట్టుకుని. అక్క చెంచాతో కొంచెం కొంచెంగా తింటోంది. ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, కొన్ని వాక్యాలు మళ్ళీ చదువుదామా?"

చెంచా కింద పెట్టింది. మూతి తుడుచుకుని ఫోన్ అందుకుంది.

"ఎందుకు?"

"ఊరికే. కొన్ని సరిగ్గా రాలేదు."

"ఏవి?"

అబద్ధం ఒకటి సిద్ధంగానే ఉంది. చెప్పబోతే నోరు రాలేదు.

"అన్నీ," అన్నాను.

అక్క నా మొహం చూసి టైపు చేసింది. "ఎప్పటినుంచి?"

"అప్‌డేట్ అయిన రోజు నుంచి కనబడట్లేదు."

"కనబడట్లేదా, పోయాయా?"

"అప్పుడు కనబడలేదు. తర్వాత నేనే తీసేశాను. తెలీక."

"గోడౌన్‌కి పోదామని నేనడిగిన రోజుకి తెలుసా నీకు?"

"కనబడట్లేదని తెలుసు. దొరుకుతాయనుకున్నాను."

ఫోన్ బల్ల మీద పెట్టేసింది. నోటితో మాట్లాడటం మొదలుపెట్టింది. మెడ నరాలు తేలాయి, కళ్ళు ఎర్రబడ్డాయి. చాలాసేపు మాట్లాడింది. తిట్టిందో, అడిగిందో, చెప్పిందో. ఒక్క ముక్క అర్థం కాలేదు నాకు. "ఏంటక్కా?" అన్నాను. మళ్ళీ చెప్పింది. "ఏంటక్కా?" మళ్ళీ అన్నాను. మూడోసారి అడగలేకపోయాను.

బావ ఏదో మర్చిపోయి వెనక్కొచ్చినట్టున్నాడు, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయనకి అర్థమైంది, మొహం చూస్తే తెలిసింది. వచ్చి అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

మార్చి 9

షాపుకి వెళ్ళాను. బావ ఇస్త్రీ చేస్తున్నాడు.

"బావా, నిన్న అక్క ఏమంది?"

"నీకెందుకులే."

"చెప్పండి బావా."

చొక్కా తిప్పి కాలరు మీద పెట్టె నడిపాడు. "నెల కిందట చెప్పి ఉంటే మళ్ళీ కూర్చుని చదివేది కదమ్మా మీ అక్క. ఎన్నిసార్లంటే అన్నిసార్లు చదివేది. నువ్వడిగితే కాదనేదా?" ఆయన గొంతు పెంచలేదు. "వెళ్ళు. ఆవిరి తగుల్తుంది, పక్కకి జరుగు."

మార్చి 13

పాత ఫోన్లు తిరగేశాను. అక్క ఫోన్ చేసి తిట్టే మనిషే కానీ మాటలు రికార్డు చేసి పంపే మనిషి కాదు. బావది బొత్తాల ఫోను. డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి అడిగాను. వాళ్ళ దగ్గర ఒక చిన్న వీడియో ఉంది, కొత్త కారు కొన్న రోజుది. అక్క చప్పట్లు కొడుతోంది అందులో. పాటలు పెద్దగా పెట్టారు.

మార్చి 21

డాక్టరమ్మ ఇంటికే వచ్చింది, పలకలాంటి మిషను తీసుకుని. జరిగింది ఆవిడకి బావ ముందే చెప్పాడనుకుంటాను, నన్నేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

"ఇందులో తయారుగా ఉన్న గొంతులున్నాయి. మీకు దగ్గరగా ఉన్నది ఎంచుకోండి," అని ఒక్కోటీ వినిపించింది. ఒక ఆడగొంతు తేనె పూసినట్టుంది. ఒకటి వార్తలు చదివినట్టుంది. మూడోది ఫరవాలేదు, కొంచెం బొంగురు. నేను గోడకి ఆనుకుని, "అది కొంచెం నీలాగే ఉందక్కా," అన్నాను. అక్క నా వైపు తిరగలేదు. మిషను తన ఒళ్ళోకి లాక్కుని, వేలితో కిందకి, ఇంకా కిందకి జరుపుకుంటూ పోయి ఒకటి నొక్కింది. నడివయసు మగాడి గొంతు. లావుపాటి గొంతు.

డాక్టరమ్మ నవ్వి, "అవి మగవాళ్ళవండీ," అంది.

అక్క టైపు చేసింది. మగాడు చదివాడు: "తెలుసు. ఇదే ఉండనివ్వండి. ఆడగొంతు పెడితే నేనే మాట్లాడుతున్నాననుకుంటారు."

బావ లేచి మంచినీళ్ళకని లోపలికి వెళ్ళాడు. చాలాసేపు రాలేదు.

మార్చి 24

ఇంట్లో ఒక మగాడు కొత్తగా చేరినట్టుంది. వంటింట్లోంచి "ఏవండీ" అంటాడు. బావ మొదట్లో ఉలిక్కిపడి ఎవరొచ్చారని వాకిట్లోకి చూసేవాడు. ఇవాళ "ఆ, వస్తున్నా" అన్నాడు. పాలవాడితో మాట్లాడతాడు. పక్కింటావిడ కూతురితో మాట్లాడితే ఆ పిల్ల కిలకిలా నవ్వింది. అక్క కూడా నవ్వింది, చప్పుడు లేకుండా.

నాతో మాట్లాడడు.

మార్చి 30

నేను గదిలోకి వెళ్తే ఆగిపోతాడు.

ఏప్రిల్ 2

షాపతను డిస్కు తిరిగి ఇచ్చాడు. మంచం కింద పెట్టాను.

ప్రెస్సులో అందరూ అక్క ఎలా ఉందని అడుగుతున్నారు. బాగానే మాట్లాడుతోందని చెప్తున్నాను.

ఏప్రిల్ 6

ఇక ఈ ఇంట్లో ఉండను, వేరే గది చూసుకుంటానని బావతో అన్నాను. "నువ్వు వెళ్తే పగలంతా దాని దగ్గర ఎవరుంటారు? నేను షాపు మూసుకోనా?" అన్నాడు. కోపంగా అన్నాడో ఉండమని అన్నాడో తెలీలేదు. ఉన్నాను.

ప్రెస్సులో పొద్దుటి పని మానేసి సాయంత్రానికి మార్పించుకున్నాను. పగలంతా అక్క దగ్గరుంటున్నాను. తినిపించేటప్పుడు నోరు తెరుస్తుంది, కళ్ళు మాత్రం నా భుజం మీదుగా ఎటో చూస్తాయి. నీళ్ళు కావాలంటే వేలు చూపిస్తుంది. చేతులూ బరువెక్కుతున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఆ తర్వాత కళ్ళతో టైపు చేసే మిషను ఉంటుందట.

ఏప్రిల్ 11

మధ్యాహ్నం అక్క దిండు మీద వేసిన తువ్వాలు మారుస్తున్నాను. బావ షాపులో ఉన్నాడు. ఇంట్లో మేమిద్దరమే. వెనక నుంచి మగగొంతు వినిపించింది.

"కిటికీ మూసెయ్యి."

చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడిపోయాను. ఇంకెవరైనా వచ్చారేమో, వాళ్ళతో అన్నాడేమో అని గుమ్మం వైపు చూశాను. ఎవరూ లేరు. అక్క మిషను వైపే చూస్తోంది.

వెళ్ళి కిటికీ మూశాను.

"మొత్తం కాదు," అన్నాడు. "గాలి రావాలి."

ఒక రెక్క కొంచెం తెరిచాను. ఇంకొంచెం తెరిచాను. వెనక్కి తిరగకుండా చెయ్యి కిటికీ మీదే ఉంచి నిలబడ్డాను, ఇంకా ఏమైనా అంటాడేమోనని. అక్కకి ఒక్కో అక్షరం నొక్కడానికి చాలాసేపు పడుతోందిప్పుడు. వేలు తెర మీద పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆగింది. మళ్ళీ పడింది.

చాలు, అన్నాడు.

అంది. చాలు అంది.